నీళ్లు పోసే మనిషి

తవిటమ్మ నీళ్లలో మోచెయ్యి ముంచి చూసి ఇంకో చెంబు చన్నీళ్లు కలపమంది. ధనమ్మ కలిపింది. మళ్లీ ముంచి చూసింది. ఈసారి ఏమీ అనలేదు. అంటే సరిపోయాయని.

పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి ఎగదోపుకుని, కాళ్లు రెండూ బారజాపింది. పాదాలు దగ్గరగా చేర్చేసరికి మోకాళ్ల కింద దోనెలాంటి పల్లం ఒకటి ఏర్పడింది. టాటానగర్ బస్తీ భుయ్యాడీహ్‌లో తెలుగువాళ్ల ఇళ్లల్లో పుట్టిన పిల్లలు చాలామంది మొదటిసారి ఒళ్లు సాగదీసుకున్నది ఆ పల్లంలోనే. ధనమ్మ తన కొడుకుని తెచ్చి అందులో బోర్లా పడుకోబెట్టింది. వాడు గుక్కపట్టాడు.

"ఏడు, ఏడు. నీ అయ్య ఫేక్టరీ బోంగా కూత కన్నా గట్టిగా ఏడు," అంది తవిటమ్మ.

అరచేత్తో నూనె అద్ది మెడ దగ్గర్నించి నడుం దాకా రాసింది. ఎడంచెయ్యి కుడికాలికీ, కుడిచెయ్యి ఎడంకాలికీ తాకించి వదిలింది. సున్నిపిండి ముద్దతో చంకలూ తొడల మడతలూ రుద్దింది. నీళ్లు పోసేటప్పుడు చెంబు ఎత్తి పట్టుకోలేదు. ఒంటికి ఆనించినంత దగ్గరగా పెట్టి వంచింది. వీపు మీద నీళ్లు ఆగకుండా జారుతున్నంతసేపూ బిడ్డ ఏడవడు, ధార తెగితేనే ఏడుస్తాడు. వాడు నోరు మూసుకుని, తనకేదో న్యాయం జరిగినట్టు, ఒక నిట్టూర్పు విడిచాడు.

చివర్న వెల్లకిలా తిప్పి, ముక్కుదూలం బొటనవేలితో సాగదీసి, వాడి మొహం మీదికి వంగి రెండు ముక్కుపుటాల్లోకీ ఉఫ్ ఉఫ్‌మని ఊదింది. పడిశం బయటికి వచ్చేసింది. వాడు తుమ్మాడు.

"చిరంజీవ! నూరేళ్లు," అంది ధనమ్మ తల్లి పైడమ్మ, సాంబ్రాణి పొయ్యి విసురుతూ.

బిడ్డని తుండుగుడ్డలో చుట్టి అందించేదాకా తవిటమ్మ దగ్గు ఆపుకుంది. ఆ తర్వాత అది ఆమె మాట వినలేదు. గోడకి తిరిగి, మోకాళ్ల మీదికి ఒరిగిపోయి దగ్గింది. పైడమ్మ విసనకర్ర పడేసి వచ్చి వీపు రాసింది.

"ఓలప్పా, నీకు ఓపిక నేకపోతే సెప్పు. రేపట్నించి నానే పోసుకుంటాను."

"నువ్వా? నువ్వు నీళ్లు పోసిన పుణ్యాన్నే గదే నీ కూతురి తలకాయి పనసకాయిలాగ తయారయినాది."

ధనమ్మ తల తడుముకుని నవ్వింది. పైడమ్మా నవ్వింది కాని, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగిపోయింది. ఈ మధ్య తన ముందు అందరూ అలాగే నవ్వుతున్నారని తవిటమ్మకి తెలుసు.

గొంతులోకి వచ్చినదాన్ని మింగేసి, ఆమె లేచి నిలబడింది.

తవిటమ్మ ఉమ్మే మనిషి కాదు. టెక్కలి దగ్గర చేలల్లో నాట్లేసే వయసునించీ ఆమెది అడ్డపొగ. చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీల్చడం. అలా అయితే వానకి నిప్పు ఆరదు, చేతులు రెండూ పనిలో ఉండొచ్చు. అయితే నోరు తెరిచి ఉమ్మడానికి వీల్లేదు. ఏం వచ్చినా మింగడమే. ఊరు వదిలి టాటానగర్ స్టేషన్లో దిగినా, మొగుడు పోయినా, కొడుకు ఆదిబాబు ఫేక్టరీ గుత్తేదారు కింద లోహపు చిట్టెం ఎత్తే పనిలో కుదిరినా, ఆ అలవాటు మారలేదు.

దగ్గు తగ్గక వెళ్లిన ఆసుపత్రిలో ఆమె నోరు తెరిపించిన కుర్ర డాక్టరు టార్చి వేసి చూసి గబగబా మిగతావాళ్లని పిలిచాడు. అంగిలి అంతా గోధుమరంగు తిరిగి, బీటలు వారిన మట్టిలా ఉందిట. "ఆగ్ అందర్?" అని ఒకడు ఆశ్చర్యంగా అడిగాడు, నిప్పు లోపలా అని. ఇంకొకడు నవ్వాడు. ఒకరి తర్వాత ఒకరు చూశారు. దవడలు నొప్పెట్టినా తవిటమ్మ నోరు మూయలేదు, మూయొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు మరి.

ఎక్స్‌రే ఫొటోలో ఊపిరితిత్తి మీద కుడివైపు పైన మచ్చ ఉంది. మనిషి చిక్కిపోతోంది. కళ్లె పరీక్షకి డబ్బా ఇచ్చారు, మళ్లీ ఇచ్చారు, ఇంకోసారీ ఇచ్చారు. ఏ పురుగూ కనపడలేదన్నారు. అంగిలి చూసినవాళ్లు ఫొటో చూసి తలలు ఊపారు. పెద్ద డాక్టరు మాత్రం ఏమీ తేల్చకుండా, ఈమధ్యే వచ్చిన సన్న గొట్టం ఒకటుందనీ, దాన్ని గొంతులోంచి ఊపిరితిత్తిలోకి పంపి కళ్లతో చూస్తేగాని చెప్పలేననీ అన్నాడు. కాని వరండాలో కుర్ర డాక్టరు అన్న 'క్యాన్సర్' మాట ఆదిబాబు చెవిలో పడింది. మర్నాటికి అది బస్తీ అంతా తెలిసింది.

అప్పట్నించీ ఇంటికి కూర గిన్నెలు రావడం మొదలైంది. కుళాయి దగ్గర ఆమె బకెట్టు కనపడితే చాలు, వరసలో వాళ్లే దాన్ని ముందుకి జరిపేసేవారు. ఏనాడూ పలకరించనివాళ్లు కూడా పిల్లల్ని తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టి, "మామ్మకి దండం పెట్టు," అనేవారు. కోడలు సూర్యకాంతానికి ఏడో నెల. తల్లిలేని పిల్ల కావడంతో పురుడు ఇక్కడే. తవిటమ్మకి చావంటే పెద్ద బెంగలేదు. ఆ బిడ్డ తన కాళ్ల మీదికి వచ్చి, ఒక్క నెల నీళ్లు పోసుకునేదాకా ఉంటే చాలని, ఎవరికి మొక్కుకోవాలో తెలియక, పొయ్యిలో నిప్పుకే మొక్కుకుంటోంది.

గొట్టం వేసే రోజున పరగడుపున రమ్మన్నారు. ఆదిబాబు పని మానుకుని టెంపోలో తీసుకెళ్లాడు. మంచం మీద పడుకోబెడుతూ నర్సు ఆమె రొంటిన దోపుకున్న చుట్ట పట్టుకుంది.

"ఇదేంటమ్మా? ఇక్కడ కూడానా?"

తెలుగు మాట వినేసరికి తవిటమ్మకి ప్రాణం లేచొచ్చింది. నర్సుది బరంపురమట. ఒరియా యాసలో ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడుతోంది.

"తాగడానికి గాదమ్మా. దగ్గరుంటే దయిర్యం."

నర్సు దాన్ని తన గౌను జేబులో వేసుకుంది. "దైర్యం నా దగ్గర ఉంది. తర్వాత ఇస్తాను."

సూదిమందు వేశారు. నోరు ఎండిపోయింది. గొంతులో చేదు మందు పిచికారీ చేశారు. కాసేపటికి నాలుక చెక్కముక్కయిపోయింది, తన గొంతు ఎక్కడుందో తనకే తెలియలేదు. పెద్ద డాక్టరు నల్లటి గొట్టం చేత్తో పట్టుకుని వచ్చాడు. పాముపిల్ల అంత లావు కూడా లేదు. దాని ఒక కొసకి కన్ను ఆనించి చూసే అద్దం ఉంది.

"లోపల ఏటి కనిపిస్తాదమ్మా?" అని అడిగింది తవిటమ్మ, మాట ముద్దగా. "పుట్టి బుద్దెరిగినకాణ్నించీ మింగిన పొగంతా కనిపిస్తాది కాబోలు."

నర్సు హిందీలో చెప్పింది. పెద్ద డాక్టరు నవ్వి, అద్దం తన కంటికి తగిలించుకోబోతూ ఆగి, అదే కంటితో ఆమెని ఒకసారి చూశాడు.

గొట్టం దిగుతున్నప్పుడు నొప్పి లేదు. అంతకన్నా కష్టం. ఊపిరి తీసుకునే దారిలో ఎవరో నడిచి వస్తున్నట్టుంది. ఒళ్లంతా ఎదురు తిరిగింది. కాళ్లు వాటంతట అవే తన్నుకున్నాయి. ఎవరో ఆ రెండు కాళ్లనీ మోకాళ్ల కింద, సరిగ్గా బిడ్డలు పడుకునే చోట, రెండు అరచేతులతో గట్టిగా పట్టుకున్నారు. నర్సు చేతులు. చల్లగా ఉన్నాయి. అన్నేళ్లుగా ఆ కాళ్లే ఇంకొకళ్లని మోశాయి. వాటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో ఆమెకి గుర్తు లేదు.

"ముక్కుతో తీసుకో. మెల్లిగా. అదీ. ఇప్పుడు లోపల కొంచెం నీళ్లు పోస్తారు. మళ్లీ లాగేస్తారు. కడగడం అంతే."

నీళ్లు దిగాయి. ఛాతీలో ఒకచోట, ఇదీ చోటు అని వేలుపెట్టి చూపించగలిగినంత స్పష్టంగా, చల్లబడింది. దగ్గు ముంచుకొచ్చింది. గొట్టం నీళ్లని వెనక్కి పీల్చుకుంటున్న చప్పుడు వినపడింది. పైన గాజుబుడ్డీలో మురికినీళ్లు నురగలతో చేరుతున్నాయి. మోచెయ్యి ముంచి చూడని నీళ్లు, అనుకుంది తవిటమ్మ. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి.

అయ్యాక ఆమెని పక్క గదిలో పడుకోబెట్టి, గొంతు తిమ్మిరి వదిలేదాకా గుక్కెడు నీళ్లు కూడా తాగొద్దన్నారు. నర్సు ఒక మూత డబ్బా చేతికిచ్చింది. దగ్గు వస్తే ఇందులో ఉమ్మమంది. దగ్గు వచ్చింది. ఎన్నడూ రానంత లోతునించి వచ్చింది. నర్సు చూస్తూండగానే తవిటమ్మ గొంతు పైకీ కిందికీ కదిలి ఊరుకుంది.

"మింగేశావా?"

"ఊఁ."

నర్సు మంచం అంచున కూర్చుంది. "ముందు ఇచ్చిన డబ్బాల్లో ఏం చేశావు?"

"ఉమ్మి ఇచ్చినాను గదమ్మా. నోట్లోది."

"లోపల్నించి వచ్చేది?"

"అది మింగేత్తాను గదా," అంది తవిటమ్మ, అడగడానికేముందన్నట్టు. "అయినా అంతమంది మొగోళ్ల మద్దిన ఆ సప్పుడేటి, ఆ సిగ్గేటి."

నర్సుకి నవ్వు వచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. లేచి పరదా లాగింది. వరండాలో ఉన్న వార్డుబాయ్‌ని అవతలికి పొమ్మంది. తను కూడా అటు తిరిగి నిలబడి, "ఇక్కడ ఎవరూ లేరు. నేనూ లేను," అంది.

తవిటమ్మ డబ్బాని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. దగ్గింది. వచ్చినదాన్ని మింగబోయి, ఆపి, దొంగతనం చేస్తున్నదానిలా చుట్టూ చూసి, ఉమ్మింది.

ఫలితం చెప్తామన్న రోజున పెద్ద డాక్టరు కుర్చీలోంచి సగం లేచాడు. "మాఁ జీ, క్యాన్సర్ నహీ హై," అన్నాడు, క్యాన్సర్ కాదని. కడిగిన నీళ్లల్లోనూ, డబ్బాలో ఆమె ఉమ్మిన దాంట్లోనూ కూడా టీబీ పురుగులే దొరికాయట. అంగిలి సంగతి వేరే, దానికి చుట్ట మానాలి. ఊపిరితిత్తిది మాత్రం మందులకి లొంగే జబ్బు. క్రమం తప్పకుండా మింగితే నయమైపోతుంది.

ఆదిబాబు ముఖం వికసించింది. డాక్టరు కాళ్లకి దండం పెట్టబోయాడు. వంగినవాడు వంగినట్టే ఒక్క క్షణం ఆగాడు. టీబీ అన్న మాట అప్పటికి అతని బుర్రలోకి దిగింది. లేచి నిలబడేసరికి అది వేరే ముఖం.

"ఘర్ మే ఛోటా బచ్చా హై క్యా?" అని డాక్టరు రాసుకుంటూ అడిగాడు, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని.

"నహీ సాబ్. కోయీ నహీ," అన్నాడు ఆదిబాబు, ఎవరూ లేరని.

తవిటమ్మకి హిందీ అంతంతమాత్రం. కాని బచ్చా అన్న మాట ఆమె రోజూ వినేది. కొడుకు కేసి చూసింది. ఆదిబాబు గోడ మీద పటం చూస్తున్నాడు.

ఆమె నర్సు చెయ్యి పట్టుకుంది. "నా కోడలికి నెలలు నిండతన్నాయి. పుట్టబోయే గుంటకి నీళ్లు పొయ్యొచ్చునేమో అడుగమ్మా."

డాక్టరు కలం ఆపాడు. ఈ రెండు నెలలూ పసిపిల్లల దగ్గరికి పోకూడదు. దగ్గినప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. కళ్లె డబ్బాలోనే ఉమ్మాలి. మందు ఒక్కరోజు మానకుండా వాడి, మళ్లీ పరీక్షలో పురుగు లేకపోతే, అప్పుడు తప్పకుండా పోయొచ్చన్నాడు. నర్సు అదంతా తెలుగులో చెప్పి, "మనవడికి నువ్వే పోస్తావు," అని తన మాట ఒకటి కలిపింది. జేబులోని చుట్ట మాత్రం తిరిగివ్వలేదు.

టెంపో దిగాక ఆదిబాబు ముందు నడిచాడు. సందు మొగలో ఆగాడు.

"అమ్మా, ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాల. అడిగినోలికి సుట్ట జబ్బేనని సెప్పు."

"క్యాన్సరనీసి?"

"అదే బాగున్నాది గదే."

"సచ్చిపోయీ జబ్బు బాగున్నాదేట్రా?"

"సచ్చిపోయీ జబ్బుకి ఎవులూ బకెట్టు తొయ్యరు," అన్నాడు ఆదిబాబు. "ఇదే జబ్బొచ్చిన బలరామ్ సంగతి మర్సిపోనావా? ఆడి పెళ్లాం పట్టిన నీళ్లు ఎవులూ తాకినోరు కాదు. ఇల్లుగలాయన నెల తిరక్కుండా గది ఖాళీ సేయించీసినాడు. ఆడికి నయమయినాక గూడా రానిచ్చినారా? నీ కోడల్ని ఈ కడుపుతోటి ఎక్కడికి తీసుకెళ్లమంతావు?"

"మరి పైడి మనవడు?"

"సెయ్యి నొప్పని సెప్పు. ఏదో ఒకటి సెప్పు. రెండు నెలలే గదా, అమ్మా. నోరు మూసుకుని ఆ గోలీలు మింగు. నీ మనవడికి నువ్వు నీళ్లు పోసుకోవా?"

అతని గొంతు చివర్న బతిమాలింది. అతను చెప్పింది అబద్ధం కాదని తవిటమ్మకి తెలుసు. బలరామ్ పెళ్లాం బకెట్టుని అవతలికి తోసినవాళ్లలో తనూ ఒకతి. చేత్తో తాకకుండా, కాలితో తోసింది.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ నూనెగిన్నెతోనూ, ధనమ్మ బిడ్డతోనూ వచ్చారు.

"సెయ్యి లాగేత్తన్నాది, పైడీ. ఇయ్యాల పొయ్యనేను," అంది తవిటమ్మ గుమ్మం లోపల్నించే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"అయ్యో, నొప్పయితే మానెయ్యి. నువ్వేటి మా ఇంట్లో కూలిదానివా?" పైడమ్మ నూనెగిన్నె కింద పెట్టి లోపలికే వచ్చి కూర్చుంది. "నీళ్లు నానే పోత్తాను. ఒక్క ముక్కు మాత్రం ఊదీ. రేతిరంతా కట్టేసి పాలు తాగనేకపోనాడు. నాను ఊదితే నాగుపాముని సూసినట్టు దడుసుకుంటన్నాడు."

కాదనేలోపలే బిడ్డని ఆమె ఒళ్లో పెట్టేసింది.

వాడు అలవాటైన ఒడిలో సర్దుకున్నాడు. ముక్కు గురగురమంటోంది. నోరు తెరిచి ఊపిరి తీస్తూ, కళ్లు చిట్లించి, ఎదురుచూస్తున్నట్టుగా ఆమె ముఖం కేసి చూశాడు. తవిటమ్మ ఊపిరి బిగబట్టింది. వంటగది గుమ్మంలో సూర్యకాంతం నిలబడి ఉంది, ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి తలుపు మీద. మొగుడు ఆమెకి అంతా చెప్పాడు. ఆ పిల్ల అత్తకేసి చూస్తోంది.  ఏం చేస్తుందో చూద్దామని చూస్తోంది.

బిగబట్టిన ఊపిరి ఎంతోసేపు నిలవదు. ఛాతీలో, గొట్టం నీళ్లు పోసిన ఆ చోట, దగ్గు కదిలింది.

తవిటమ్మ చేతులు బారజాపి బిడ్డని తన ముఖానికి అందనంత దూరంగా పట్టుకుంది.

"తీసుకోయే, పైడీ. నాకు టీబీ."

"ఏటి?"

"క్యాన్సరు గాదు. టీబీ అని నిన్న సెప్పినారు. తీసుకో, బేగి. దగ్గొత్తన్నాది నాకు."

ధనమ్మ బిడ్డని లాక్కుంది. తవిటమ్మ గోడకి తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని దగ్గింది.  వెనకనించి పైడమ్మ గొంతు, ఆమెది కానంత సన్నగా, వచ్చింది.

"రోజూ ఊదినావు గదే, తవిటీ. నా గుంటడి ముక్కులో రోజూ ఊదినావు గదే."

"ఊదినాను. ఆసుపత్రికి తీసికెల్లండి. ఇయ్యాలే. పెద్ద డాక్టరుకి నా పేరు సెప్పి, రోజూ ఊదిందని సెప్పండి. పసోలి ఒళ్లు, సూపించాల."

నూనెగిన్నె కాలికి తగిలి ఒలికిపోయింది. వాళ్లు వెళ్లిపోయాక సూర్యకాంతం చీపురూ బొగ్గుబూడిదా తెచ్చి ఆ నూనె మీద చల్లింది. అత్త ముఖం చూడలేదు.

సాయంత్రం బోంగా మోగకముందే సంగతి సందులన్నీ తిరిగింది. ఆదిబాబు పనిలోంచి వచ్చి అరిచాడు, తర్వాత అరవడం మానేశాడు. అరవకపోవడమే ఎక్కువ బాధగా ఉంది. మంచం తీసుకెళ్లి వెనకవైపు రేకు కింద వేశాడు. గాలి బాగా తగిలేచోట పడుకోమని డాక్టరు చెప్పినమాట నిజమే. అయినా అతను గాలికోసం వేశాడో, దూరంకోసం వేశాడో తవిటమ్మకి తెలియలేదు. అతనికీ తెలిసి ఉండదు. కంచమూ చెంబూ వేరుగా పెట్టమని ఆమే అడిగింది, ఎవరో చెప్పేదాకా ఆగకుండా.

మర్నాడు కుళాయి దగ్గర బకెట్లు వరసగా ఉన్నాయి. తవిటమ్మ వాళ్ల బకెట్టు మాత్రం కాలవ అవతల, బోర్లా, ఒంటరిగా పడి ఉంది. సూర్యకాంతం దాన్ని తీసుకుని, అందరూ పట్టుకునేదాకా ఎండలో నిలబడి, నీళ్లు సన్నబడ్డాక పట్టుకుని వచ్చింది. నిండు మనిషి. తవిటమ్మ రేకు కిందనించి చూసింది.

"నావల్లే గదా, అమ్మా."

"ఔను, నీవల్లే," అంది సూర్యకాంతం బకెట్టు దింపుతూ. ఊపిరి తిరిగాక, "నిన్న నువ్వు ఊదుంటే, రేపు నా గుంటని నీకిచ్చీదాన్ని గాదు," అంది.

అంతే. లోపలికి వెళ్లిపోయింది. తవిటమ్మ ఆ మాటని మందుగోలీతోపాటు మెల్లిగా మింగింది.

ఇల్లుగలాయన వచ్చి గుమ్మం ముందు నిలబడి, ముక్కుకి గుడ్డ పెట్టుకుని, నెలాఖరుదాకా చూస్తానన్నాడు. ఏం చూస్తాడో చెప్పలేదు. కూర గిన్నెలు రావడం ఆగిపోయింది. ఇచ్చిన గిన్నెలు తిరిగి తీసుకోవడానికి కూడా ఎవరూ రాలేదు. సూర్యకాంతం వాటిని తోమి, వరసగా గోడవార బోర్లించింది.

నాలుగు రోజులకి, ఎండ కాస్త ఎక్కాక కాలవ అవతల ధనమ్మ కనిపించింది. భుజాన బిడ్డ. అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి, రేకు నీడ అంచుకి ఇవతలే, ఎండలోనే ఆగిపోయింది.

"అమ్మకి సెప్పకండా వచ్చినాను, తవిటత్తా."

"ఏటన్నారు గుంటడికి?" తవిటమ్మ కొంగు ముక్కు మీదికి లాక్కుని, మంచం ఆ కొసకి జరిగింది.

"ఫొటో తీసినారు. ఇప్పటికి ఏటీ నేదంట. గోలీ పొడి సేసి పాలల్లో కలిపి పట్టమన్నారు. మళ్లీ మళ్లీ తెచ్చి సూపించమన్నారు." ధనమ్మ బిడ్డని భుజం మార్చుకుంది. "ఇప్పుడే తెలియడం మంచిదయింది అన్నారు. అమ్మతో ఆ మాట సెప్తే సెవిలో ఏసుకోదు. నీ పేరెత్తితే గిన్నెలు ఇసిరేత్తన్నాది."

తవిటమ్మ కొంగుని ముక్కు మీద ఇంకాస్త బిగించింది.

"అమ్మ నీళ్లు పోత్తంటే ఈడు ఊపిరాడనట్టు ఏడుత్తన్నాడు. ఎత్తునించి దబదబా పోసేత్తాది. నాకు రాదు." ధనమ్మ ఎండలోనే కింద కూర్చుంది. "అక్కణ్నించే సెప్పు. నాను సేత్తాను."

తవిటమ్మ లోపలికి కేకెయ్యబోయింది. అప్పటికే సూర్యకాంతం పీటా, చెంబూ తెచ్చి ఎండలో పెడుతోంది. మళ్లీ వెళ్లి, వేడినీళ్ల అండా చెవులు తడిగుడ్డతో పట్టుకుని మోసుకొచ్చింది. మోస్తున్నప్పుడు కడుపు అడ్డం వచ్చి ఒకపక్కకి ఒరిగి నడిచింది.

"మోసెయ్యి ముంచి సూడు. సెయ్యి గాదే, మోసెయ్యి. సురుక్కుమన్నాదా? ఇంకో సెంబు సన్నీళ్లు పొయ్యి. ఆఁ. పాదాలు దగ్గిరకి సేర్చు. ఆడు జారిపోకండా పల్లం కట్టాల. బోర్లా ఎయ్యి. మెడ కింద నీ ఏళ్లుండాల, ఎత్తకు, ఊరికే ఉంచు."

బిడ్డ గుక్కపట్టాడు. ధనమ్మ బెదిరిపోయి తలెత్తింది.

"నాకేసి సూడకు, ఆణ్ణి సూడు. సెంబు దించు. ఇంకా దించు. ఈపుకి ఆనించినట్టు ఒంచు. తెగనివ్వకు. ఒక సెంబు అయిపోకముందే రెండోది అందుకో."

ధనమ్మకి రెండో చెంబు అందలేదు. సూర్యకాంతం వంగలేక, పక్కనే కింద చతికిలబడి, చెంబు ముంచి అందించింది. ఆమె కళ్లు ధనమ్మ చేతుల మీదే ఉన్నాయి. ధార తెగలేదు. బిడ్డ ఏడుపు ఒక వెక్కులోకి దిగి, ఆ వెక్కు కూడా మానేసి, నిట్టూర్చాడు.

మంచం మీద తవిటమ్మ కాళ్లు బారజాపి ఉన్నాయి. ఎప్పుడు జాపిందో ఆమెకి తెలియదు. చేతులు ఖాళీ మోకాళ్ల మీద, నూనె రాస్తున్నట్టు, కదులుతున్నాయి. దగ్గు వచ్చింది. అటు తిరిగి, దిండు పక్కనున్న డబ్బా మూత తీసి, అందులో ఉమ్మి, మూత పెట్టి ఇటు తిరిగింది.

"ఇప్పుడు ఎల్లకిలా తిప్పు. ముక్కు దూలం మెల్లిగా. గుడ్డ కొస సన్నగా పురి పెట్టి, తడిపి, ముక్కులో తిప్పి తియ్యి."

ధనమ్మ అలవాటు కొద్దీ బిడ్డ ముఖం మీదికి వంగింది.

"ఊదకు."

"నువ్వు ఊదీదానివి గదా, అత్తా?"

"ఊదీదాన్నే. ఇకన ఎవులూ ఊదకండి." తవిటమ్మ గుడ్డకేసి చెయ్యి చూపించింది. "గుడ్డ సాలు."

ధనమ్మ గుడ్డకొస పురి పెట్టింది. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి కుదిరింది. తిప్పి తీసింది. బిడ్డ ముఖం ముడుచుకుని, ఒక్క క్షణం ఆలోచించుకుని, తుమ్మాడు.

"చిరంజీవ! నూరేళ్లు," అంది ఒక గొంతు గోడ అవతలనించి.

అని, చటుక్కున ఆగిపోయింది. తల్లి గొంతుకి ధనమ్మ చేతిలో గుడ్డ ఆగింది. సూర్యకాంతం గోడ కేసి తల తిప్పబోయింది. తవిటమ్మ చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది.

"ఈపు సల్లబడిపోతన్నాది ఆడికి," అంది, గోడ అవతలికి కూడా వినపడేంత గట్టిగా. "నీళ్లు పొయ్యి. ధార తెగనివ్వకు."